యుద్ధంలో జరిగిన అన్యాయాన్ని రికార్డు చేసేదెలా? గిరాయిపల్లి నుంచి గ్లాస్గో దాకా

మా పిల్లల బడి గేటు దగ్గర రోజూ కలిసే సూడాన్ ఆవిడ ఒకరున్నారు. మూడేళ్లుగా వానలో ఒకే గొడుగు కింద నిలబడి మాట్లాడుకునేంత స్నేహం. పోయిన చలికాలం మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. ఒక వీధి, పరుగెత్తుతున్న జనం, కింద పడి ఉన్న మనుషులు. "సూడాన్‌లో ఘోరం" అని రాసుంది. నేను రెండో ఆలోచన లేకుండా ఇంకో రెండు గ్రూపులకు పంపాను. మర్నాడు జాలితో ఆవిడకు కూడా చూపించాను.

ఆవిడ వీడియోను ఆపి, వెనక్కి జరిపి, ఒక దుకాణం బోర్డు మీద వేలు పెట్టారు. "ఈ ఫోన్ నంబరు మా దేశానిది కాదు. ఇది చాలా పాతది కూడా" అన్నారు. కోపం లేదు. కాసేపాగి, "మా అన్నయ్యకు జరిగినదానికి నా దగ్గర ఫొటోలున్నాయి. అవి నిజం. రేపు నేను అవి బయటపెడితే, ఇవీ ఆ వీడియో లాంటివేనా అంటారు" అన్నారు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ తర్వాత ఆవిడే అడిగారు: ఆ ఫొటోలు పాత ఫోన్లో ఉన్నాయి, ఫోన్ ఎప్పుడు పోతుందో తెలియదు, వాటిని ఏం చేయాలి, ఎవరికి ఇవ్వాలి? నాకు తెలియదు. కొన్ని నెలలుగా చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. ఇది సూడాన్ వాళ్లకో సిరియా వాళ్లకో సంబంధించిన విషయం అనుకొని మొదలుపెట్టాను. చదివేకొద్దీ తేలింది ఏమిటంటే, ఈ పనిలో మన తెలుగువాళ్లకు యాభై ఏళ్ల అనుభవం ఉంది.

మనకు తెలిసిన మాట: నిజనిర్ధారణ

మాది హనుమకొండ వైపు. చిన్నప్పుడు పేపర్లో "ఎదురుకాల్పులు" అన్న మాట చదవని వారం ఉండేది కాదు. దాని కిందే ఎక్కడో చిన్నగా "నిజనిర్ధారణ కమిటీ పర్యటన" అని ఉండేది. అది ఏం చేస్తుందో అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

కథ ఎమర్జెన్సీతో మొదలవుతుంది. 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్‌ఈసీ విద్యార్థి. ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు. ఎమర్జెన్సీలో అడిగేవాళ్లు లేరు. 1977లో ఎమర్జెన్సీ పోయాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో మాజీ న్యాయమూర్తి వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. కాళోజీ నారాయణరావు అందులో సభ్యులు, లాయరు కె.జి. కన్నబిరాన్ దాని పని నడిపించినవారు. వాళ్లు ఊళ్లు తిరిగారు, బంధువులను, చూసినవాళ్లను అడిగారు, ఎఫ్ఐఆర్‌లో రాసినదాన్ని వాళ్లు చెప్పినదాని పక్కన పెట్టి చూశారు. అది ఎదురుకాల్పులు కాదు, పట్టుకొని చంపడమని నివేదిక ఇచ్చారు. దాంతో ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేయక తప్పలేదు.

అప్పటి నుంచి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఇదే పని జిల్లా జిల్లాలో చేసింది. తేలికగా చేయలేదు. సంఘం నాయకుల్లో ఒకరైన పిల్లల డాక్టరు ఎ. రామనాధంను 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1991లో లాయరు నర్రా ప్రభాకర్ రెడ్డి, 2000లో పురుషోత్తం, 2001లో ఆజం అలీ. కాగితం మీద రాసుకునేవాళ్లను చంపాల్సినంత అవసరం ఎందుకొచ్చిందో ఆలోచిస్తే, ఆ కాగితం విలువ అర్థమవుతుంది.

ఆ సంఘానికి చాలాకాలం ప్రధాన కార్యదర్శిగా ఉన్న కె. బాలగోపాల్ మొదట లెక్కల మనిషి. గణితంలో పీహెచ్‌డీ, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు. తర్వాత హైకోర్టు లాయరు. 2009 అక్టోబర్ 8న చనిపోయేదాకా ఊరూరా తిరిగి వివరాలు సేకరిస్తూనే ఉన్నారు.

అబ్జర్వేషన్ పుస్తకం పద్ధతి

నేను బీజెడ్‌సీ చదివాను. మన ప్రాక్టికల్స్ గుర్తున్నాయా? లవణ విశ్లేషణకు పేజీలో మూడు గడులు: ప్రయోగం, పరిశీలన, అనుమితి. తెల్లటి అవక్షేపం వచ్చింది అనేది పరిశీలన. క్లోరైడ్ ఉండవచ్చు అనేది అనుమితి. రెండూ ఒకే గడిలో రాస్తే మా మేడం పేజీ మీద అడ్డగీత కొట్టేవారు. ముందు జవాబు తెలుసుకొని దానికి తగ్గట్టు రీడింగులు వండేవాళ్లనైతే బయటికే పంపేవారు.

మంచి నిజనిర్ధారణ నివేదిక కూడా ఇలాగే ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది అన్నది ముందు. అది ఎవరు చూశారు, ఎవరు విన్నారు అన్నది వేరుగా. "మా వదిన చెప్పింది" అన్నదాన్ని "నేను చూశాను" అన్నదానితో కలపరు. ఘటన జరిగిన చోటును స్వయంగా చూస్తారు. పోలీసు స్టేషన్‌కు వెళ్లి వాళ్ల మాట కూడా అడుగుతారు. వాళ్లు చెప్పకపోతే, అడిగాం, చెప్పలేదు అని రాస్తారు. ఈ చివరి వాక్యం చిన్నదే కానీ నివేదికను నమ్మదగిందిగా చేసేవాటిలో అదొకటి.

ఇంకో నియమం, చనిపోయింది ఎవరైనా రాయాలి. 1998లో బాలగోపాల్, మరికొందరు పౌరహక్కుల సంఘం నుంచి బయటికి వచ్చి మానవ హక్కుల వేదిక పెట్టుకోవడానికి కారణం ఈ చర్చే. రాజ్యం చేసే హింసను మాత్రమే కాదు, నక్సలైట్లు ఇన్‌ఫార్మర్ ముద్రవేసి చంపిన పేదవాళ్ల గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలన్నది వాళ్ల వాదన. అంతకు ఏడాది ముందు, 1997లో, మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో ఏర్పడ్డ కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీ కూడా రెండు వైపులనూ ఒకే ప్రశ్నలు అడిగింది. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన శాంతి చర్చలకు దారి వేసింది ఆ కమిటీయే. నేనప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. అడవిలో ఉండే నాయకులు హైదరాబాద్‌కు వచ్చి కూర్చోవడం టీవీలో చూశాం.

అంతర్జాతీయ చట్టం చెప్పేదీ ఇంచుమించు ఇదే. 1949 జెనీవా ఒప్పందాలు నాలుగింటిలోనూ మూడో అధికరణం ఒకటే. దేశం లోపల జరిగే సాయుధ పోరాటంలో కూడా, పోరాడనివాళ్లను, ఆయుధం కింద పెట్టినవాళ్లను చంపకూడదు, హింసించకూడదు. ఆ నియమం సైన్యానికీ వర్తిస్తుంది, సైన్యం మీద పోరాడేవాళ్లకూ వర్తిస్తుంది.

కేసు ఓడితే రికార్డు వృథానా?

ఇది నన్ను ఎక్కువగా తొలిచిన ప్రశ్న. మా స్నేహితురాలు కూడా ఇదే అడిగారు: ఇన్ని చేసి ఏం లాభం?

దీనికి జవాబు ఒకే ముక్కలో లేదు. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది, 2009 ఫిబ్రవరి 6. పౌరహక్కుల సంఘం వేసిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలని తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. కానీ ఆ ప్రశ్న అక్కడితో పోలేదు. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ వేసిన మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టే ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఎఫ్ఐఆర్ ఉంది, స్వతంత్ర దర్యాప్తు ఉంది, మేజిస్ట్రేట్ విచారణ ఉంది. ముప్పై, నలభై ఏళ్లుగా ఊరూరా పోగైన నివేదికలు లేకపోతే ఈ ప్రశ్న కోర్టు దాకా వచ్చేది కాదు.

రెండోది సార్కేగూడ. మన చర్ల, వెంకటాపురం వైపు నుంచి సరిహద్దు దాటితే వచ్చే ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో ఉంది. 2012 జూన్ 28 రాత్రి భద్రతా బలగాల కాల్పుల్లో అక్కడ 17 మంది చనిపోయారు. మావోయిస్టులని ప్రభుత్వం చెప్పింది. పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నామని ఊరివాళ్లు మొదటి రోజు నుంచీ చెబుతూనే వచ్చారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ 2019లో ఇచ్చిన నివేదికలో, చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పే ఆధారం లేదని, ఊరివాళ్ల వైపు నుంచి కాల్పులు జరిగినట్టు రుజువు కాలేదని తేల్చింది. ఏడేళ్లు పట్టింది. శిక్షల సంగతి అలా ఉంచితే, ఆ 17 మంది పేర్ల పక్కన ఉన్న ముద్ర అధికారికంగా చెరిగింది.

మూడోది వాకపల్లి. చెప్పడం కష్టమైనదీ ఇదే. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కొందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులైన 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. మొదటి రోజుల్లో సక్రమంగా జరగాల్సిన దర్యాప్తు జరగకపోతే పదహారేళ్ల తర్వాత ఏ కోర్టూ దాన్ని వెనక్కి తేలేదు. ఆ మహిళలు మాత్రం పదహారేళ్లూ తమ మాట మీద నిలబడ్డారు.

మొదటి రెండు చూస్తే ఓపిక ఉంటే చాలనిపిస్తుంది. మూడోది చూస్తే ఓపికొక్కటే చాలదని, తొలి గంటల్లో, తొలి రోజుల్లో జరిగే పనే అన్నిటికంటే ముఖ్యమని తెలుస్తుంది.

చెరువులో చేపలు, లెక్కకు రాని మనుషులు

యుద్ధంలో ఎంతమంది చనిపోయారన్న లెక్క ఎలా వస్తుందో తెలుసుకున్నప్పుడు నాకు మా జువాలజీ క్లాసు గుర్తుకొచ్చింది.

చెరువులో ఎన్ని చేపలున్నాయో అన్నిటినీ పట్టకుండానే అంచనా వేయవచ్చు. ముందు వంద చేపలు పట్టి, గుర్తు పెట్టి, వదిలేయాలి. కొన్నాళ్లకు మళ్లీ వంద పట్టాలి. వాటిలో ఇరవైకి గుర్తు ఉంటే, మొత్తంలో అయిదో వంతుకు గుర్తు పెట్టామన్నమాట. అంటే చెరువులో సుమారు 500 చేపలు.

మృతుల జాబితాలతోనూ ఇదే పని చేస్తారు. ఒక సంస్థ జాబితాలో ఉన్న పేర్లు ఇంకో సంస్థ జాబితాలో ఎన్ని మళ్లీ కనిపిస్తున్నాయో చూస్తారు. చాలా పేర్లు కలిస్తే, దాదాపు అందరూ లెక్కకు వచ్చినట్టే. తక్కువ కలిస్తే, ఏ జాబితాకూ చేరని మనుషులు ఎక్కువమంది ఉన్నట్టు. మనుషులు చేపలు కారు కాబట్టి రెండు జాబితాలతో సరిపెట్టుకోరు. మూడు, నాలుగు తీసుకొని ఇంకాస్త కష్టమైన గణితం వాడతారు.

పెరూ దేశంలో 1980 నుంచి 2000 వరకు జరిగిన అంతర్యుద్ధంపై అక్కడి సత్య శోధన కమిషన్ 2003లో నివేదిక ఇచ్చింది. పేర్లతో దొరికిన మృతులు సుమారు 24 వేలు. ఈ పద్ధతిలో వేసిన అంచనా 69,280. కమిషన్‌కు తెలిసిన మృతుల్లో నూటికి 75 మంది క్వెచువా లేదా ఇతర ఆదివాసీ భాషలు మాట్లాడేవాళ్లు. రాజధానిలో ఉన్నవాళ్లకు ఇంత మంది పోయారని తెలియనే తెలియదు, ఎందుకంటే పోయింది వాళ్ల భాష మాట్లాడేవాళ్లు కాదు.

సిరియా గురించి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 జూన్‌లో ఇచ్చిన లెక్క: 2011 మార్చి నుంచి 2021 మార్చి వరకు 3,06,887 మంది సామాన్య పౌరులు చనిపోయారు. ఇందులో పేరు, తేదీ, చోటుతో సహా నమోదైనవాళ్లు 1,43,350 మంది. మిగతా 1,63,537 అంచనా. అంటే సగానికి పైగా మనుషులకు ఏ జాబితాలోనూ పేరు లేదు.

అందుకే ఒక పేరు, ఒక తేదీ, ఒక ఊరు రాసిపెట్టడం చిన్న పని కాదు. నా స్నేహితురాలి అన్నయ్య పేరు ఒక జాబితాకు చేరితే ఆయన లెక్కకు వస్తారు. అంతేకాదు, ఇంకా చేరని పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టడానికీ ఆ పేరు పనికొస్తుంది.

ఫొటో సాక్ష్యం అయ్యేది ఎప్పుడు?

సిరియా సైనిక పోలీసు విభాగంలో ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. చనిపోయిన ఖైదీల ఫొటోలు తీయడం అతని ఉద్యోగం. 2013లో 50 వేలకు పైగా ఫొటోలతో దేశం దాటాడు. "సీజర్" అన్న మారుపేరుతోనే చాలాకాలం లోకానికి తెలుసు. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ఆ ఫొటోలు పరిశీలించి, కనీసం 6,786 మంది ఖైదీల మృతదేహాలు వాటిలో ఉన్నాయని లెక్కతేల్చింది. జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టులో సిరియా ఇంటెలిజెన్స్ మాజీ అధికారి అన్వర్ రస్లాన్‌పై నడిచిన కేసులో ఆ ఫొటోలు సాక్ష్యంగా నిలిచాయి. 2022 జనవరి 13న అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

ఆ ఫొటోలకు బలం ఎక్కడిది? ప్రతి శవం పక్కనా ఒక నంబరు కార్డు ఉంది. ఎవరు తీశారో, ఏ పనిలో భాగంగా తీశారో తెలుసు. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చాయో చెప్పగలరు.

సోషల్ మీడియా వీడియోలు కూడా కోర్టు దాకా వెళ్లాయి. 2017 ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లిబియాకు చెందిన అల్ వర్ఫల్లి అనే కమాండర్‌పై ఇచ్చిన అరెస్టు వారెంటుకు ప్రధాన ఆధారం ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోలే. ఇలాంటి డిజిటల్ సాక్ష్యాన్ని ఎలా సేకరించాలి, ఎలా సరిచూడాలి, ఎలా దాచాలి అన్నదానికి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ కలిసి 2020 డిసెంబర్‌లో బర్క్‌లీ ప్రోటోకాల్ తెచ్చాయి.

గ్లాస్గోకూ ఈ పనికీ ఉన్న సంబంధం

2000 నుంచి శరణార్థులను ఎక్కువగా పంపే నగరాల్లో గ్లాస్గో ఒకటి. మన పిల్లల క్లాసుల్లో ఎన్ని దేశాల పిల్లలున్నారో మీకు తెలుసు. వాళ్ల ఇళ్లలో ఎన్ని సాక్ష్యాలున్నాయో మనం ఎప్పుడూ ఆలోచించలేదు.

1999లో కొసావోలో సామూహిక హత్యల దర్యాప్తుకు వెళ్లిన బ్రిటిష్ ఫోరెన్సిక్ బృందంలో గ్లాస్గో యూనివర్సిటీ ఫోరెన్సిక్ మెడిసిన్ ప్రొఫెసర్ పీటర్ వనేజిస్ ఉన్నారు. ఎముకలను బట్టి మనిషిని గుర్తించడంలో నిపుణురాలైన స్కాట్లాండ్ శాస్త్రవేత్త స్యూ బ్లాక్ కూడా అక్కడ పనిచేశారు. ఆమే తర్వాత డండీ యూనివర్సిటీలో ఈ శాస్త్రానికి పేరున్న కేంద్రాన్ని నడిపారు. అనుమానాస్పద మరణాల దర్యాప్తుకు మిన్నెసోటా ప్రోటోకాల్ ఉంది. 1991లో వచ్చింది, 2016లో సవరించారు. బతికి బయటపడ్డవాళ్ల ఒంటి మీది, మనసులోని గాయాలను డాక్టర్లు నమోదు చేయడానికి ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ఉంది. గ్లాస్గోలోనూ ఆఫీసు ఉన్న ఫ్రీడమ్ ఫ్రమ్ టార్చర్ సంస్థ హింసకు గురైనవాళ్లతోనే పనిచేస్తుంది. ఆ సంస్థ డాక్టర్లు ఈ పద్ధతిలోనే రిపోర్టులు రాస్తారు.

ఎక్కడో జరిగిన నేరానికి ఇక్కడ శిక్ష పడుతుందా అంటే, పడింది. ఫర్యాదీ జర్దాద్ అనే అఫ్గాన్ కమాండర్ లండన్‌లో పిజ్జా దుకాణం నడుపుకుంటూ బతికాడు. 1990లలో అఫ్గానిస్థాన్‌లో చేసిన చిత్రహింసలకు 2005 జూలైలో లండన్ కోర్టు అతనికి 20 ఏళ్ల జైలు వేసింది. సాక్షులు కాబూల్ నుంచి వీడియో ద్వారా చెప్పారు.

సూడాన్ విషయానికొస్తే, 2003, 2004లలో దార్ఫూర్‌లో చేసిన నేరాలకు అలీ కుషైబ్ అనే మిలీషియా నాయకుడిని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2025 అక్టోబర్ 6న దోషిగా తేల్చింది. ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి. ఆ రోజు మా స్నేహితురాలు గేటు దగ్గర ఏమీ మాట్లాడలేదు. ఫోన్లో ఆ వార్త చూపించి, మళ్లీ సంచిలో పెట్టుకున్నారు.

మనం చేయగలిగింది, చేయకూడనిది

ఇవి ఆయా ప్రోటోకాల్స్ చదివి, మన వాడుకకు తగ్గట్టు రాసుకున్నవి. వకీలు సలహాకు ఇవి బదులు కావు.

1. అసలు ఫైలును ముట్టుకోవద్దు. కత్తిరించవద్దు, వెలుతురు పెంచవద్దు, పేరు మార్చవద్దు. తీసిన ఫోన్ ఉంటే దాన్నీ దాచాలి. నకలు తీసి, ఏం చేసినా నకలు మీదే చేయాలి.

2. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ, చోటు లాంటి దాగి ఉన్న వివరాలు పోతాయి. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపాలి. కనీసం రెండు వేర్వేరు చోట్ల నకలు ఉండాలి.

3. ఒక నోటుపుస్తకం పెట్టాలి. ఫొటో ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ, మీకు ఎవరు ఏ రోజు ఎలా పంపారు. ఆ తర్వాత ఎవరికి ఇచ్చారు. ఒక్కో ఫొటోకు నాలుగు వరుసలు చాలు. కోర్టు ముందుగా అడిగేది ఇదే.

4. చూసినది, విన్నది, అనుకున్నది మూడు వేర్వేరు గడులు. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే అలాగే రాయాలి. "రంజాన్ మొదటి వారం, సాయంత్రం నమాజు అయ్యాక" అన్నది ఊహించి రాసిన తేదీ కంటే ఎంతో మేలు.

5. ఎవరి కథనైనా వాళ్లనే చెప్పనివ్వాలి. మంచి ఇంగ్లీషు కోసం మనం తిరగరాయకూడదు. శరణు కోరిన కేసులో ఒకచోట చెప్పినదానికీ ఇంకోచోట ఉన్నదానికీ తేడా వస్తే నష్టపోయేది వాళ్లే. ఏ కాగితమైనా బయటికి వెళ్లేముందు వాళ్ల లాయరు చూడాలి.

6. పదేపదే అడగవద్దు. ముఖ్యంగా లైంగిక హింసకు గురైనవాళ్లను. ఇందుకోసమే 2022లో మురాద్ కోడ్ వచ్చింది. నోబెల్ శాంతి బహుమతి పొందిన యజీదీ మహిళ నాదియా మురాద్ పేరు మీద ఉంది. వాళ్ల ఇష్టం, వాళ్ల భద్రత ముందు, మన సేకరణ తర్వాత అన్నది దాని సారం. అక్కడ ఇంకా ఉన్న బంధువుల పేర్లు, ముఖాలు బయటపడకుండా చూడాలి.

7. ఇవ్వాల్సిన చోట ఇవ్వాలి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ కార్యాలయానికి సమాచారం పంపడానికి ఓటీపీ లింక్ అనే ఆన్‌లైన్ మార్గం ఉంది. లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల్లో యుద్ధ నేరాల బృందం ఉంది. ఎటు వెళ్లాలో తెలియనప్పుడు గ్లాస్గోలోని స్కాటిష్ రెఫ్యూజీ కౌన్సిల్‌తో మొదలుపెట్టవచ్చు.

8. ఫార్వర్డ్ చేసేముందు ఆగాలి. బోర్డు మీద ఏ భాష, బండి నంబరు ప్లేటు ఏ దేశానిది, నీడలు, వాతావరణం చెబుతున్న కాలానికి సరిపోతాయా చూడాలి. వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదైతే చాలాసార్లు తెలిసిపోతుంది. తేలకపోతే పంపవద్దు. మనవాళ్లు ఉన్న వైపు గురించి వచ్చినదానికీ, అవతలి వైపు గురించి వచ్చినదానికీ ఇదే కొలత.

ఎనిమిదోది నా అనుభవంతో రాసింది. ఆ వీడియో పంపిన మూడు గ్రూపుల్లోనూ "నేను పంపింది తప్పు, అది సూడాన్‌ది కాదు" అని మళ్లీ రాశాను. రాసేటప్పుడు సిగ్గేసింది. ఒక గ్రూపులో ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో గ్రూపులో ఒక అన్నయ్య "పోనీలేమ్మా, ఏదో ఒకచోట అలాగే జరుగుతోందిగా" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఏదో ఒకచోట జరిగింది అంటే, ఎవరికీ జరగనట్టే. గిరాయిపల్లికి వెళ్లినవాళ్లు "ఎక్కడో అలాగే జరిగి ఉంటుంది" అని రాసుకొని వచ్చి ఉంటే ఇవాళ మనకు ఆ ఊరి పేరు తెలిసేది కాదు.

పోయిన నెలలో ఒక శనివారం మా స్నేహితురాలు పాత ఫోన్, ఛార్జరు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. వాళ్ల లాయరును ముందే అడిగి వచ్చారు. పిల్లలను మా ఆయన పార్కుకు తీసుకెళ్లారు. ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు రెండు పెన్ డ్రైవుల్లోకి తీసుకున్నాం. ఫొటోలు నేను తెరిచి చూడలేదు, ఆవిడ చూడమని అనలేదు. నోటుపుస్తకం మాత్రం ఆవిడే అరబిక్‌లో రాసుకున్నారు. మొత్తం పదకొండు ఫొటోలు, ఒక వీడియో. ఒక్కోదానికి నాలుగు వరుసలు. రెండు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు టీ పెట్టాను.

వెళ్లేటప్పుడు ఒక పెన్ డ్రైవు తన సంచిలో వేసుకున్నారు. రెండోది లాయరుకు సోమవారం ఇచ్చారు. ఇచ్చిన తేదీ కూడా పుస్తకంలో రాసుకున్నారు.